బ్రేక్ ఆయిల్ అనే మాట వెనక ఆముదం

నాయ్‌గావ్‌లో మెకానిక్‌ని తెలుగులో అడిగినా మరాఠీలో అడిగినా వినపడే మాట ఒకటే, బ్రేక్ ఆయిల్. డబ్బా మీద మాత్రం బ్రేక్ ఫ్లూయిడ్ అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో ఉన్న కార్లకు వాడే దాంట్లో నూనె అసలు లేదు. కానీ ఒకప్పుడు ఆ పేరు నిజమే. ఆ కథ తెలిసుంటే, ఇంటి ముందు బ్రేకులకు గాలి తీసేటప్పుడు ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది.

మన నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ ఏడు నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. మోటార్లు అంతకు చాలా ముందే వచ్చాయి. నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. అప్పటికి ప్రపంచంలో చాలా బండ్లకు కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకులే ఉండేవి. ఎంత సరిచేసినా నాలుగు చక్రాలకూ సమానంగా పట్టు దొరికేది కాదు. ఒక పక్క ముందు పట్టిందంటే బండి అటే లాగేది.

దీనికి విరుగుడు ద్రవంతో దొరికింది. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని కారు బ్రేకుకు పెట్టి అమెరికాలో మాల్కమ్ లాక్‌హెడ్ 1917లో పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో వచ్చింది. ఫోర్డ్ కార్లకు మాత్రం 1939 దాకా ఆగాల్సి వచ్చింది.

మరి గొట్టాల్లో పోసేది ఏమిటి? నీళ్లు తుప్పు పట్టిస్తాయి. ఇంజిన్ ఆయిల్ లాంటి ఖనిజ నూనె పోస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. మన పెద్దలు దీపానికీ తలకీ వాడిన ఆముదమే అక్కడ పనికొచ్చింది. ఆముదం రబ్బరును పాడుచేయదు, ఆల్కహాల్‌లో కలుస్తుంది. అందుకే చాలా ఏళ్లు ఆముదం, ఆల్కహాల్ కలిపిన ద్రవమే బ్రేకుల్లో నడిచింది. అది త్వరగా మరుగుతుంది, చలికి చిక్కబడుతుంది. తర్వాత గ్లైకాల్ రకాలు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. ఇప్పటి డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. అయితే అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ ఆ సంఖ్య 140 దాకా పడిపోతుంది. మూత తీసి నెలల తరబడి పెట్టిన డబ్బా వాడొద్దనేది ఇందుకే.

ఆముదం పోయింది, ఆయిల్ అనే పేరు మిగిలింది. ఆ పేరు విని ఎవరైనా ఇంజిన్ ఆయిల్ పోశారా, రబ్బరు కప్పులన్నీ ఉబ్బుతాయి, బ్రేకులు పట్టేస్తాయి లేదా అసలు పట్టవు. అప్పుడు మొత్తం విప్పి రబ్బర్లన్నీ మార్చాల్సిందే.

లీకు సంగతి ఇంకా పెద్దది. ద్రవం నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. లీకైన చోట గాలి దూరిందంటే పెడల్ మెత్తగా, దూదిని తొక్కినట్టు అవుతుంది. 1957లో వచ్చిన అంబాసిడర్ తొలి మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడ కారినా నాలుగూ పోయేవి. అమెరికాలో 1968 నుంచి కార్లకు రెండు లైన్లు తప్పనిసరి చేశారు. మన మారుతీలకూ రెండు లైన్లే. ఒకటి పోయినా ఇంకోటి పడుతుంది, కానీ సగం పట్టుతోనే.

ఇంట్లో చేసేవాళ్లకు వరస ఇది. ముందు లీకు. చక్రం లోపలి పక్క, పైపులు, మాస్టర్ సిలిండర్ కింద తడి ఉందేమో చూడండి. అది బాగు చేయకుండా గాలి తీయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. చదునైన చోట బండి పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు ఉండాలి. నిప్పల్‌కు సన్న గొట్టం తగిలించి, రెండో కొన కొంచెం ద్రవం పోసిన సీసాలో ముంచాలి. పెడల్ మీద తమ్ముడో వదినో కూర్చుంటే చాలు. "తొక్కు, పట్టుకో" అంటే తొక్కిపట్టాలి. మీరు పానాతో నిప్పల్ వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించి, అప్పుడు "వదులు" అనాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికే పోతుంది. సాధారణంగా దూరపు చక్రంతో, అంటే ఎడమ వెనక చక్రంతో మొదలు. కొన్ని బండ్లకు వరస వేరు, బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. పైన డబ్బాలో మట్టం అడుక్కు పోనివ్వొద్దు. కారిన ద్రవం మళ్లీ వాడొద్దు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే ఇంట్లో తేలదు, వర్క్‌షాపు యంత్రమే కావాలి.

అయ్యాక ఇంజిన్ వేసి పెడల్‌ను నిమిషం సేపు గట్టిగా తొక్కిపట్టండి. మెల్లగా దిగుతూ పోతే ఇంకా ఎక్కడో లీకు ఉన్నట్టే. అలాంటి బండితో పండక్కి దేగ్లూరో బోధనో బయల్దేరొద్దు, ఇంటికి మెకానిక్‌ని పిలిపించండి. కొట్లో బ్రేక్ ఆయిల్ అనే అడగండి, ఎవరూ తప్పు పట్టరు. ఇచ్చిన డబ్బా మీద డాట్ 3నా డాట్ 4ఆ అన్నది మాత్రం మీ బండి రిజర్వాయర్ మూత మీద రాసినదానితో సరిపోల్చి తీసుకోండి.