హాజరుపట్టీలో లేని ఆడవాళ్లు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తమ బోర్డుకి రాసిన ఉత్తరాన్ని అందరూ డబ్బు లెక్కల కోసమే చదివారు. లేని 5,040 కోట్ల రూపాయల నగదును ఉన్నట్టు చూపించామని అందులో ఒప్పుకున్నారాయన. నన్ను పట్టి ఆపింది మాత్రం వేరే అంకె. కొద్దిమందితో మొదలైన కంపెనీ 53,000 మందికి ఎదగడం చూశానని కూడా ఆయన రాశారు. ఆ 53,000లో ఎవరున్నారు, ఎవరు లేరు?

సత్యంలో ఉద్యోగుల్ని ‘అసోసియేట్లు’ అనేవారు. యజమాని, కూలి అన్న మాటలు వినపడకుండా ఉండే మర్యాద అది. ఉత్తరం బయటపడ్డాక ఆ మర్యాద ఎంత పలచనిదో తెలిసింది. జనవరి జీతం వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. ఇంటి అప్పులు, వీసాలు, కుదిరిన సంబంధాలు వెనక్కి పోవడం గురించి పత్రికలు చాలా రాశాయి. ఇంట్లో మొదటిసారి జీతం తెచ్చిన అమ్మాయికి ఉద్యోగం పోవడమంటే, పెళ్లి రెండేళ్లు వాయిదా వేసుకోగలిగిన బలం పోవడం కూడా. ఆ భయాన్ని నేను చిన్నది చేయను. కానీ ఆ నెల కథనాల్లో నేను చదివినంత మేరకు, ఆ అంతస్తులు ఊడ్చి తుడిచే ఆడవాళ్లు ఒక్కచోటా కనపడలేదు. ఏజెన్సీ కింద పనిచేసేవాళ్లు ‘అసోసియేట్లు’ కారు కదా!

అదే నెలలో ప్రాసిక్యూషన్ కోర్టులో ఇంకో మాట చెప్పింది: నిజంగా ఉన్న ఉద్యోగులు 40,000 మందే, మిగతా 13,000 పేర్లు దొంగ పేర్లని. ఆ ఆరోపణ మీద వాదోపవాదాలు నడిచాయి, దాన్నలా ఉంచుదాం. లేని మనుషులు పట్టీలోకి ఎక్కారా అని అంత వెతికిన మనం, ఉన్న మనుషులు పట్టీకి ఎందుకు ఎక్కలేదని మాత్రం అడగలేదు.

ఈ లెక్కని కంగ్టి వైపు నుంచి చూస్తే నాకు కొత్తగా అనిపించదు. నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో ఉండేది. ఇప్పటికీ కంగ్టికి ఒకపక్క కర్ణాటక, ఇంకోపక్క మహారాష్ట్ర. ఇక్కడి తండాల నుంచి ఏటా కుటుంబాలకి కుటుంబాలు చెరుకు కొట్టడానికి వలసపోతాయి. పక్కనున్న మరాఠ్వాడాలో చెరుకు కొట్టే మొగుడూ పెళ్లాల జంటని కలిపి ఒక ‘కోయితా’ అంటారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక పనిముట్టు పేరు, ఒకే లెక్క. అడ్వాన్సు సాధారణంగా మొగుడి చేతికే వస్తుంది. కొట్టిన చెరుకు మోపులు కట్టి, మోసి, బండికెత్తడంలో సగం పని ఆమెది. ఆమె పేరు ఎవరి పుస్తకంలోనూ ఉండదు. చెరుకు తోటకీ అద్దాల మేడకీ పోలికేమిటని మీరు అడగొచ్చు. ఒకచోట మేస్త్రీ, ఇంకోచోట ఏజెన్సీ. రెండుచోట్లా పని చేయించుకునేవాడికి పని చేసేవాళ్ల పేరు తెలియాల్సిన అవసరం లేకుండా చేసిన మధ్యమనిషి.

చట్టానికి ఈ సంగతి తెలుసు. పనిచేసేచోట లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లనీ రోజుకూలీలనీ ఉద్యోగులుగానే లెక్కించింది. అసలు యజమానికి తెలిసినా తెలియకపోయినా సరే అని కూడా రాసుకుంది. మొత్తం చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. తెలియకపోవడం వెనక దాక్కునే వీలు లేకుండా చేసింది. ఫిర్యాదు కమిటీ దాకా ఆమె వెళ్తుందా అన్నది వేరే ప్రశ్న. కమిటీ సభ్యుల పేర్లు గోడమీద ఇంగ్లీషులో ఉంటే, ఆ గోడ తుడిచే మనిషికి అవి ఎవరు చదివి చెప్పాలి?

సాఫ్ట్‌వేర్ హైదరాబాదు చరిత్ర రాయబోయేవాళ్లు వార్షిక నివేదికలు చదువుతారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు రాసే రిజిస్టర్లు కూడా చదవాలంటాను నేను. లోపలికి వచ్చిన టైము, బయటికి పోయిన టైము, సంచీలో ఏముందో చూసినట్టు ఒక టిక్కు, పక్కన ఓ సంతకమో వేలిముద్రో. నిండగానే ఆ పుస్తకాలు పాత కాగితాల వాడికి పోతాయి.