రెండు తుపాన్లకు బలైన ఇండియనోలా

టెక్సస్‌లో, మాటగోర్డా అఖాతం ఒడ్డున 1844లో జర్మన్ వలసదారులు ఓడలు దిగి గుడారాలు వేసుకున్నారు. వాళ్లను రప్పించిన సంఘానికి టెక్సస్‌లో ప్రతినిధి రాకుమారుడు కార్ల్. ఆయన పేరు మీదే ఆ చోటును కార్ల్స్‌హాఫెన్ అన్నారు. 1846లో మెక్సికోతో యుద్ధం వచ్చి బాడుగ బళ్లన్నీ సైన్యానికి పోయాయి. లోపలి ఊళ్లకు వెళ్లాల్సినవాళ్లు వేలమంది ఆ ఇసుకలోనే చిక్కుకుపోయారు. రోగాలతో వందలమంది పోయారు.

అయినా ఊరు నిలదొక్కుకుంది. 1849లో ఇండియనోలా అయింది. 1852లో కాల్హూన్ కౌంటీ ముఖ్యపట్టణమై, గాల్వెస్టన్ తర్వాత అంతటి రేవుగా పేరు తెచ్చుకుంది. సైన్యం బరువులు మోయించడానికి తెప్పించిన 34 ఒంటెలు 1856లో దిగింది ఇక్కడే.

నాకు మాత్రం ఈ ఊరంటే ముందు గుర్తొచ్చేది దాని కోర్టు. ఎడ్వర్డ్ బ్యూమాంట్ నమూనా గీయగా 1859లో గుల్ల, సున్నం, కాంక్రీటుతో గోడలు లేచాయి. 1875 సెప్టెంబరులో అక్కడ ఒక హత్య కేసు విచారణ ఉండటంతో పొరుగూళ్ల జనం కూడా వచ్చి ఉన్నారు. అప్పుడే తుపాను వచ్చింది. ఊరికి ముందు అఖాతం, వెనక పౌడర్‌హార్న్ సరస్సు. తూర్పు గాలి నీళ్లను ఊరి మీదుగా లోపలికి తోసింది. ఖైదీలు మునిగిపోకుండా జైలు తలుపులు తీస్తే, ఆ సందట్లో ముద్దాయి పరారయ్యాడు. రాత్రి గాలి దిశ మారింది. లోపల నిండిన నీళ్లన్నీ ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగి ఇళ్లను ఈడ్చుకుపోయాయి. ఎక్కువ నాశనం ఆ తిరుగు వరదదే. చనిపోయినవాళ్లు 150 నుంచి 300 వరకూ ఉంటారని అంచనా. కోర్టులో తలదాచుకున్నవాళ్లు బతికారు.

కొందరు ఇళ్లు ఊడదీసుకుని క్యూరో, విక్టోరియాలకు తరలిపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ అదే పల్లపు నేల మీద కట్టుకున్నారు. రేవే బతుకుతెరువైనవాళ్లను తప్పుపట్టలేం. 1886 ఆగస్టులో మరో తుపాను, దాంతోపాటే అగ్నిప్రమాదం! ఈసారీ కోర్టు గోడలు కొందరిని కాపాడాయి. కానీ ఊరు లేవలేదు. ముఖ్యపట్టణం హోదా, 1852కు ముందు అది ఉన్న లవాకాకే తిరిగి వెళ్లింది. ఒడ్డు కోసుకుపోయి, కోర్టు పునాది ఇప్పుడు తీరానికి దాదాపు 90 మీటర్ల దూరాన నీళ్లలో ఉంది.

ఇండియనోలా గతి చూసి గాల్వెస్టన్ పెద్దలు అడ్డుగోడ కట్టాలనుకున్నారు, కట్టలేదు. 1900 తుపానులో అక్కడ కనీసం 6,000 మంది చనిపోయారు. గోడ పని 1902లో మొదలైంది.