రాయలసీమ ఎల్లలు: ఒడంబడికలు, తాలూకాలు, నీళ్లు

రాయలసీమ అంటే కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అనే నాలుగు పాత జిల్లాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ నాలుగింటి చుట్టూ ఉన్న గీత ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ ఏర్పడిందో పరిశీలిస్తే, అది కొండలూ నదులూ నిర్ణయించిన సరిహద్దు కాదని, రెండు శతాబ్దాల పాటు ఒడంబడికలు, రెవెన్యూ కచేరీలు, రాజకీయ ఒప్పందాలు కలిసి తీర్చిన గీత అని తేలుతుంది. గీతకు ఇవతల పడిన ఊరికి ఏమి దక్కింది, అవతల పడిన ఊరికి ఏమి దక్కకుండా పోయింది అన్న ప్రశ్న మిగిలే ఉండటం వల్లనే ఈ చర్చ నేటికీ తెగడం లేదు.

మధ్యయుగాల నాటి నాడులు, అంటే శాసనాలలో కనిపించే ప్రాంతీయ విభాగాలు, నేటి జిల్లాల గీతలతో సరిపోవు. కలమళ్ల శాసనాన్ని వేయించిన రేనాటి చోళుల రేనాడు నేటి కడప, కర్నూలు జిల్లాల భాగాలలో ఉండగా, పాకనాడు నెల్లూరు ప్రాంతాన్నీ దానికి ఆనుకొని ఉన్న లోతట్టు భూములనూ కలుపుకొని ఉండేది. విజయనగర కాలంలో ఉదయగిరి, చంద్రగిరి, పెనుగొండ ప్రధాన రాజ్యాలుగా, అంటే పెద్ద పాలనా విభాగాలుగా ఉండేవి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం నేడు నెల్లూరు జిల్లాలో ఉంది. కనుక రాయల ఏలుబడినే కొలబద్దగా తీసుకుంటే, నెల్లూరును రాయలసీమ నుంచి వేరు చేయడానికి ఆధారం దొరకదు.

నేటి గీతకు మూలం 1800 అక్టోబరు 12న నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య కుదిరిన ఒడంబడికలో ఉంది. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792, 1799 సంవత్సరాలలో తనకు సంక్రమించిన భూభాగాలను, తన రక్షణకు నిలిపిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఆ ఒడంబడికతో కంపెనీకి ధారాదత్తం చేయగా, వాటికి దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. 1807 వరకు థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. 1808లో ఆ ప్రాంతం బళ్లారి, కడప జిల్లాలుగా చీలింది. నవాబుల పాలన ముగిసిన తరువాత 1858లో కర్నూలు, 1882లో బళ్లారి నుంచి విడివడి అనంతపురం జిల్లాలయ్యాయి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చినవి కాగా, తిరుపతి, చంద్రగిరి ఉన్న అధికభాగం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. ఆ భాగం నిజాం ఇచ్చినది కాదు, ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి దక్కినది.

1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగినప్పుడు దత్తమండలాల ప్రతినిధులు విడిగా సమావేశమై, పరాయి ఏలికలు చేతులు మార్చుకున్న సంగతిని గుర్తుచేసే పాత పేరును వదిలి, చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరును స్వీకరించారు. అంతవరకు రెవెన్యూ విభాగంగా ఉన్న ప్రాంతం ఆ పేరుతో ఆత్మగౌరవాన్ని సంతరించుకుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగులో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందం ఆ ప్రాంతానికి రాజకీయ హక్కులను కూడా కల్పించింది. తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల వినియోగంలో కనీసం పదేళ్లపాటు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పిన చోట ఆ ఒప్పందం రాయలసీమతో పాటు నెల్లూరును కూడా పేర్కొనడం గమనించదగినది. నీటి కొరత విషయంలో ఆ రెండూ ఒకే వరుసలో ఉన్నాయని ఆనాటి నాయకులు గుర్తించారు.

ఆ తరువాత సరిహద్దులు మరి మూడుసార్లు కదిలాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే ఇటు చేరి, దత్తమండలాలలో ఒకప్పుడు భాగమైన బళ్లారి మైసూరుకు పోయింది. 1960లో సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లగా, సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో చేరింది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాను, అంటే తరువాతి ప్రకాశం జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను అందులో కలిపారు. దత్తమండలాలలో భాగంగా ఉండిన ఆ నేల ఆ మార్పుతో కోస్తా లెక్కలోకి వెళ్లింది.

ఆ మార్పు ఫలితం ఆ ప్రాంతంలోని కంభం దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన కంభం చెరువు విజయనగర కాలపు నీటిపారుదలకు గొప్ప నిదర్శనం. వాననీటిని ఇలా చెరువులలో పట్టి నిలుపుకొని సేద్యం చేసే పద్ధతి సీమ అంతటా ఉన్నదే. కృష్ణా డెల్టా కాలువల సేద్యంతో దానికి పోలిక లేదు. అయినా 1970 తరువాత పుట్టిన కంభం బిడ్డలు ప్రభుత్వ లెక్కలలో కోస్తావాసులే అయ్యారు.

భాషను ప్రమాణంగా తీసుకున్నా గీత ఇంకోచోట పడుతుంది. వ్యవసాయ పదాల సేకరణ ఆధారంగా భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించడానికి దారి చూపింది. వాటిలో దక్షిణ మండలం రాయలసీమ జిల్లాలతో పాటు నెల్లూరును కూడా కలుపుకొంటుంది. ప్రభుత్వ ఉత్తర్వులలో సైతం ఏకాభిప్రాయం లేదు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వెలువడిన ఉత్తర్వులలో, కళాశాల ప్రవేశాలకు సంబంధించిన 1974 నాటిది నెల్లూరును రాయలసీమ జిల్లాలతో కలిపి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో ఉంచగా, ఉద్యోగాలకు సంబంధించిన 1975 నాటిది అదే నెల్లూరును గుంటూరు, ప్రకాశం జిల్లాలతో కలిపి వేరే జోనులో చేర్చింది. ఆ విధంగా నెల్లూరు విద్యార్థి చదువుకునేటప్పుడు సీమవాడు, ఉద్యోగం కోరేటప్పుడు కోస్తావాడు అయ్యాడు.

ఈ వర్గీకరణ కాగితానికే పరిమితమైతే చర్చ పండితులతో ముగిసేది. కానీ 2014 పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని అనుసరించి వెనుకబడిన జిల్లాలకు ఏటా 50 కోట్ల రూపాయల చొప్పున సహాయం ప్రకటించినప్పుడు, సీమలోని నాలుగు, ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలకే అది వర్తించడంతో, కరవులో సీమకు ఏమాత్రం తీసిపోని మార్కాపురం, కనిగిరి ప్రాంతాలు ప్రకాశం జిల్లాలో ఉన్న కారణంగానే దానికి దూరమయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను 26 చేసినప్పుడు పులికాట్ సరస్సును ఆనుకొని ఉన్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా పేరును బట్టే ప్రాంతాన్ని లెక్కిస్తే సీమకు సముద్రతీరం కూడా ఉన్నట్టే.

రాయలసీమ ఒక వాస్తవం. శతాబ్ద కాలపు ఉద్యమాలు, త్యాగాలు, సాహిత్యం దానిని వాస్తవం చేశాయి. ఆ పేరులోని ఆత్మీయతను ఎవరూ తగ్గించనక్కరలేదు. అయితే నీళ్లు, నిధులు, చదువులు పంచేటప్పుడు జిల్లా సరిహద్దును కొలబద్దగా తీసుకోవడం అన్యాయం. శ్రీశైలం జలాలను ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్టభూములకు ఒకేసారి తరలించేందుకు రూపొందిన వెలిగొండ ప్రాజెక్టు ఈ సత్యాన్ని ముందే అంగీకరించింది. వానపాతం, భూగర్భజలం, వలసల తీవ్రత ఆధారంగా మండలాన్ని ప్రమాణంగా తీసుకొని సహాయం నిర్ణయించడమే చరిత్ర నేర్పుతున్న పాఠం, ప్రభుత్వాలు పాటించవలసిన న్యాయం.