బొగ్గుబస్సు ఊపిరి



రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన దేశమునకు పెట్రోలు కరవు వచ్చెను. 1942లో బర్మా జపానువారి వశము కాగా అచ్చటి చమురు నిలిచిపోయెను. అప్పుడు మద్రాసు రాజధానిలోని బస్సులు పెక్కు వెనుక నొక బొగ్గుపొయ్యిని తగిలించుకొని తిరుగజొచ్చెను. బందరు, గుడివాడ వైపు పెద్దలకు బొగ్గుబస్సు అన్నమాట క్రొత్తది కాదు.

ఆ పొయ్యినుండి ఇంజనునకు వాయువును తోలు తిత్తి లేదు. చుట్ట కాల్చువారికి ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు: ఈ కొనను పీల్చిన ఆ కొనను నిప్పు రాజుకొనును. పిస్టను క్రిందికి దిగగా సిలిండరులో కొంత శూన్యము కలుగును. సముద్రతీరమున గాలి యొత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. ఇంజను పీల్చునందుము గాని, నిజమునకు నిప్పులలోనికి నెట్టునది బయటి గాలియే. అట్లు పుట్టిన వాయువులో దహించునవి ముఖ్యముగా కార్బన్ మోనాక్సైడు, ఉదజని; సగమునకు పైగా నిరుపయోగమైన నత్రజనియే.

ఇంజను కదలనిదే పీల్పు లేదు, పీల్పు లేనిదే వాయువు లేదు. కావున ప్రొద్దుటనే చేతిపంకా త్రిప్పి నిప్పు రాజేయవలసియుండెను. దారిలో నుసి వడపోతను పూడ్చినచో, బిగించి చుట్టిన చుట్టవలెనే, ఎంత పీల్చినను వాయువు పలుచనగును. అసలే పెట్రోలు బలములో మూడవవంతు, ఒక్కొక్కప్పుడు సగము, తగ్గియుండును. మన సీమ బల్లపరుపు కనుక బండి సాగెను గాని, కాలువ వంతెన యెక్కుటే గండము.

కొన్ని పొయ్యిలలో నీటిచుక్కలు విడుతురు. ఆవిరి కణకణలాడు బొగ్గును తాకగా ఉదజని పుట్టి బలము హెచ్చును. అది మిక్కిలి శీఘ్రముగ నంటుకొనునది. మోతాదు మించిన మంట వెనుకకు పాకి గొట్టములో ప్రేలును. ఉదజనికిని శూన్యమునకును చుట్టఱికము పాతదే. 1820లో కేంబ్రిడ్జిలో విలియం సెసిల్ అను మతాచార్యుడు ఉదజనిని కాల్చి, చల్లార్చి, ఏర్పడిన శూన్యముచేతనే యంత్రమును నడుపు విధమును వివరించెను.

బండి నడచునంతసేపు గొట్టము చిల్లిపడినను విషము వెలికి రాదు. గాలియే లోనికి పోయి వాయువును పాడుచేయును. ప్రమాదమెల్ల ఇంజను ఆగిన పిమ్మట. పీల్పు నిలిచినను నిప్పు ఆరదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు మెల్లగ వెలువడును; మూసిన కొట్టములో నిద్రించినవాడు మరల లేవకపోవచ్చును. అందుచే రాత్రి బండిని ఆరుబయటనే నిలుపవలసియుండెను. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకజొచ్చినకొలది బస్సులవారు ఆ పొయ్యిలను ఊడదీసిరి.