తోడు: పెరుగుకుండ పుట్టుపూర్వోత్తరములు

సంధ్యాదీపము వెలిగించిన పిదప పాలు పెరుగు గడప దాటింపరాదను ఆచారమును మా అమ్మ నిష్ఠతో పాటించెడిది. అయినను ఏ పొరుగింటి పిల్లయో చేత చిన్నగిన్నె పట్టుకొని వాకిట నిలిచి, "అత్తయ్యగారూ, మా పెరుగంతా పిల్లి తాగేసిందండీ, కాస్త తోడుకి పెట్టమంది మా అమ్మ" అన్నప్పుడు మాత్రము మారుమాటాడక లోనికి పోయి, ఉట్టి దింపి, చెంచాడు పెరుగు తెచ్చి ఆ గిన్నెలో వేసెడిది. ఒక యింటి పాలు తోడు లేక చెడిపోవుట ఆమె సహింపలేకపోయెడిది.

మధ్యాహ్నమంతయు దాలిలో పిడకల సెగను కాగి ఎఱ్ఱని మీగడ కట్టిన పాలను ఆమె సాయంకాలము వేఱొక కుండలోనికి వంచి, చిటికెనవ్రేలు ముంచి చూచెడిది. వ్రేలు ఓర్చుకొనునంత వెచ్చదనము మిగిలినప్పుడే తోడు వేసి, నాలుగుమార్లు తిరుగగలిపి, మూతపెట్టి, ఇక తెల్లవారువరకు ఆ కుండను ఎవ్వరిని కదపనిచ్చెడిది కాదు. ఆమె చిటికెనవ్రేలు కనిపెట్టిన ఆ వేడి సుమారు 40 డిగ్రీలనియు, పాలు తోడుకొనుటకు మిక్కిలి అనుకూలమైనది అదియే యనియు నేను చాల ఏండ్లకు పుస్తకములలో చదివితిని.

ఆ చెంచాడు పెరుగునకు మనవారు పెట్టిన పేరును గూర్చి ఒక మాట చెప్పవలెను. నిఘంటువులలో చేమిరి యను పదము కలదు గాని, నిత్యవ్యవహారమున అది తోడు. తోడబుట్టినవానియందలి తోడును, చీకటిదారిలో వెంటవచ్చు తోడును, పాలలో వేయు తోడును ఒక్కటే మాట. ఇక పెరుగు అనునది పేరుకొనుటకు చుట్టమైన పదము, పేరినది పెరుగు. పాలను పేరునట్లు చేయునది మఱియొక ప్రాణి సాహచర్యమేయని సూక్ష్మదర్శినిని కన్నులార చూడని జనులు ఎట్లు గ్రహించిరో గాని, భాషలో మాత్రము ఆ సత్యమును భద్రముగా దాచి యుంచిరి.

పాడిపశువులను పెంచిన ప్రతిజాతియు పుల్లని పాలను ఎఱుగును. వేడిదేశమున పితికిన పాలు పూట తిరుగకుండ పులియును. మన దక్షిణాపథమున నవీనశిలాయుగపు పశుపాలకులు విడిచిపోయిన బూడిదదిబ్బలు నేటికిని కానవచ్చుచున్నవి. పాలమూరు మండలమున ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ పండితుడు త్రవ్వించినప్పుడు, నాలుగువేల యేండ్లకు పూర్వము మందలు త్రొక్కిన గిట్టల ముద్రలు బూడిదలో చెక్కుచెదరక యుండెను. కచ్ఛదేశమున కోటడా భాడ్లీ యను సింధునాగరికతనాటి పల్లెలో దొరకిన కుండపెంకులయందు పాలకొవ్వు ఇంకి యున్నట్లు పరిశోధకులు 2020లో ప్రకటించిరి.

కాని తోడును గూర్చిన ప్రాచీనచర్చ కావలసినవారు మన యాంధ్రదేశమున నేటికిని వల్లింపబడుచున్న తైత్తిరీయసంహితను చూడవలెను. వృత్రుని వధించిన పిమ్మట ఇంద్రుని వీర్యము అతనిని విడిచి భూమిలో ప్రవేశించి ఓషధులుగా మొలచెననియు, ఆ ఓషధులను మేసి ఆవులు ఆ బలమును తమ పాలలో కూడబెట్టెననియు, ఆ పాలను కాచి తోడుపెట్టి అతనికి మరల అర్పించిరనియు అందు ఒక కథ కలదు. అమావాస్యనాటి సాన్నాయ్యమను హవిస్సునకు మూలమదియే. తోడునకు అచ్చటి పేరు ఆతంచనము. పాలను దేనితో పేర్పవలెనను ప్రశ్న వైచుకొని, పూతీకలతతో, మోదుగుబెరడుతో, రేగుపండ్లతో, బియ్యముతో పేర్చిన పాలు ఏయే దేవతలకు చెందునో, రేగుపండ్ల పెరుగు రాక్షసులపాలగుటతో సహా చెప్పి, కడపట పెరుగుతో పేర్చినదే ఇంద్రునికి తగినదని ఋషి నిర్ణయించెను. మంత్రార్థమును పండితులకు విడిచి నేను గమనించునది ఇంతమాత్రమే: చెట్టు బెరడులను కాయలను ఆశ్రయించి యుండు ఏదో శక్తి పాలను పులియించుననియు, అట్లు యాదృచ్ఛికముగా తెచ్చుకొన్నదానికంటె నిన్నటి మంచిపెరుగు నుండి తెచ్చుకొన్నది శ్రేష్ఠమనియు ఆ కాలమునకే అనుభవమున తేలిపోయినది. తోడులేని నాడు గోరువెచ్చని పాలలో తొడిమతోకూడిన మిరపకాయను వేసి పెరుగు పుట్టించు మన గృహిణులు ఆ మోదుగుబెరడు సంప్రదాయమునకే వారసులు.

వైద్యులు పెరుగును మజ్జిగను ఒక్క గాటను కట్టలేదు. పెరుగు గురువనియు, అనగా అరుగుటకు బరువనియు, రాత్రివేళ తినరాదనియు, కాచరాదనియు చరకుడు శాసించెను. ఆయనయే గ్రహణీరోగమునకును మూలవ్యాధికిని తక్రమును, అనగా మజ్జిగను, గొప్ప ఔషధముగ విధించెను. ప్రేవుల వ్యాధికి పులిసిన పాలను మందుగా ఈయవచ్చునను భావము ఈదేశమున అంత పాతది.

తోడు పాలకే పరిమితము కాదు. గోదావరీతీరపు ఇండ్లలో ఒకమూలను తరవాణికుండ యుండెడిది. గంజియు, చల్లనీళ్లును, గుప్పెడన్నమును, నిమ్మాకులును వేసిన ఆ కుండను బొత్తిగా ఖాళీచేయక, అడుగున కొంత విడిచి, దానిమీదనే క్రొత్తగంజి పోయుచుందురు. అడుగున విడిచిన ఆ పులుపే దానికి తోడు. తెల్లవారుజామున పొలమునకు పోవువాని చద్దన్నమును ఈ బంధువర్గములోనిదే. ఇడ్లీపిండిని పొంగించునది ల్యూకొనోస్టాక్ అను సూక్ష్మజీవి. ఆవిరిలో అది నశించినను, మినపపప్పును బియ్యమును సుజీర్ణముగా మార్చిన దాని శ్రమ మనకు దక్కును.

ఈ వ్యాపారమంతయు ఎవరు నడుపుచున్నారో తెలియుట ఆలస్యమైనది. పుల్లనిపాలలోని ఆమ్లమును షీలే అను స్వీడన్ రసాయనజ్ఞుడు 1780లో వేఱుపఱచెను. అది నిర్జీవమైన రసాయనక్రియ కాదనియు, సూక్ష్మప్రాణుల జీవనవ్యాపారమనియు 1857లో లీల్ నగరమున లూయీ పాశ్చర్ ప్రకటించెను. పాలను పులియించు సూక్ష్మజీవిని శుద్ధముగా విడదీసి పెంచినవాడు శస్త్రవైద్యమున ప్రసిద్ధుడైన జోసెఫ్ లిస్టర్, అది 1878. పిమ్మట 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అను ఇరువదియేడేండ్ల బల్గేరియా యువకుడు, జెనీవాలో మసోల్ ఆచార్యుని ప్రయోగశాలయందు, తన దేశపు పల్లెటూరి పెరుగును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, కఱ్ఱముక్కవంటి పొడుగాటి జీవిని కనిపెట్టెను. దానికి బల్గేరియా పేరే నిలిచినది.

ఆ వార్త పారిస్‌లో పాశ్చర్ సంస్థయందున్న ఎలీ మెచ్నికొఫ్ చెవిని పడినది. రక్తములోని తెల్లకణములు రోగక్రిములను మ్రింగుటను కనుగొని, 1908లో నోబెల్ బహుమానము నందిన మహానుభావుడాయన. పెద్దప్రేవులో ఆహారము కుళ్లి పుట్టు విషములే అకాలవార్ధక్యమునకు హేతువనియు, పెరుగులోని ఆమ్లము ఆ కుళ్లును అరికట్టుననియు, బల్గేరియా కర్షకుల దీర్ఘాయువునకు మూలమదేననియు ఆయన సిద్ధాంతము చేసి, 1907లో గ్రంథముగా వెలువరించి, తానును నిత్యము పుల్లపాలు సేవించుచు వచ్చెను. ఐరోపా యావత్తును పెరుగువైపు మరలెను. 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో డానోన్ పేరిట చేసిన పెరుగు మొదట మందుల అంగళ్లలోనే అమ్ముడుపోయెను.

ఆ సిద్ధాంతములో సగము నిలువలేదు. బల్గేరియా జీవి మానవుని ప్రేవులలో కాపురము పెట్టదని రెట్గర్, చెప్లిన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1921లో నిరూపించిరి. అంతట మఱికొందఱు కడుపులో నిలువగల జాతులను వెదకసాగిరి. క్యోటోలో 1930లో మినొరు షిరోతా వైద్యుడు పెంచిన జాతితో 1935లో యాకుల్ట్ అను పులిసిన పాలపానీయము బయలుదేఱినది. ప్రోబయోటిక్ అను పేరునకు నేటి అర్థము స్థిరపడినది మాత్రము 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్యసంస్థల నిపుణులు అర్జెంటీనాలో సమావేశమైన పిదపనే: తగుమోతాదున తీసికొన్నవారికి ఆరోగ్యము చేకూర్చు సజీవ సూక్ష్మజీవులకే ఆ పేరు చెల్లును. సజీవములై యుండుటయు, మేలు చేయునని పరీక్షలో తేలుటయు, రెండును కావలెను.

మరి పెరుగు చేయు మేలేమి? అన్నిటికంటె గట్టి ఋజువు గలది ఇది. పాలలోని చక్కెరను, అనగా లాక్టోజును, విడగొట్టు పాచకరసము శిశువులకందఱకును ఉండి, పెద్దవారైన పిదప లోకమున పెక్కుమందికి, దక్షిణభారతీయులలోను అనేకులకు, తగ్గిపోవును. అట్టివారికి పాలు త్రాగినచో కడుపుబ్బరము కలుగును. పెరుగు తిన్నచో బాధ తక్కువ. ఏలయన తోడులోని జీవులు ఆ చక్కెరలో కొంత తామే భుజించుటయేగాక, తమ యొడలిలోని పాచకద్రవ్యమును మన ప్రేవులవరకు మోసికొనివచ్చి అచ్చట పనిచేయించును. కాపురముండకపోయినను పని చేసిపెట్టి పోవుచున్నవి. ఐరోపా ఆహారభద్రతాసంస్థ ప్రోబయోటిక్కుల పేరిట వచ్చిన విన్నపములలో ఇంచుమించు అన్నిటిని త్రోసిపుచ్చి, 2010లో ఈ యొక్కదానిని అంగీకరించినది. గ్రామునకు పదికోట్ల సజీవకణములుండవలెనని నియమించినది.

పెరుగులో ముఖ్యులైన జీవులు రెండు. గుండ్రని స్ట్రెప్టోకోకస్ ముందుగా పెరిగి, పాలలోని ప్రాణవాయువును హరించి, పొడుగాటి బల్గేరియా జీవికి కావలసిన ఫార్మిక్ ఆమ్లమును సమకూర్చును. ఆ రెండవది పాలలోని మాంసకృత్తులను చీల్చి మొదటిదానికి ఆహారమిచ్చును. ఒంటరిగా నిదానముగా చేయు పనిని అవి కూడి గంటలలో ముగించును. తోడునకు తోడు!

ఇటీవలి పరీక్షలలో రెండు నాకు విలువైనవిగా తోచినవి. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 36 మంది ఆరోగ్యవంతులను తీసికొని, కొందఱకు పీచుపదార్థములను, కొందఱకు పెరుగు మొదలైన పులిసిన ఆహారములను పదివారములు హెచ్చుగా పెట్టగా, రెండవవర్గమువారి ప్రేవులలో సూక్ష్మజీవుల వైవిధ్యము పెరిగి, రక్తమున వాపును సూచించు పదార్థములు తగ్గినవి. చిన్న పరీక్షయే, అయినను దారి చూపినది. అంతకుమున్ను 2017లో ప్రకటింపబడిన ఒడిశా పరీక్ష బహుపెద్దది. పినాకీ పాణిగ్రాహి నాయకత్వమున, పల్లెలయందు ఆరోగ్యముగా పుట్టిన 4,556 మంది పసికందులలో సగముమందికి ఏడుదినములు ప్లాంటారమ్ అను సూక్ష్మజీవిని, దానికి మేతగా ఒక చక్కెరను ఇచ్చిరి. రెండుమాసములలో రక్తము విషమించుటగాని మరణముగాని సంభవించినవారు తక్కినవారిలో నూటికి 9 మంది కాగా, వీరిలో 5.4 మంది. ఆ ప్లాంటారమ్ జాతి పులిసిన కూరగాయలలోను ధాన్యపు పులుపులలోను మామూలుగా వసించునదే. ఈ లెక్క చదివిననాడు నా కన్నులు చెమర్చినవని చెప్పుటకు సంకోచింపను.

అట్లని పులిసినదెల్ల అమృతమని చాటుట తప్పు. ఊరగాయలన్నియు పులిసినవి కావు. ఆవకాయను నిలుపునది ఉప్పు, కారము, నూనె, మామిడి పులుపు. మరిగించిన మజ్జిగపులుసు రుచికరమే గాని అందు సజీవమైనదేదియు మిగులదు. నెలలు నిండక పుట్టిన శిశువులకును, రోగనిరోధశక్తి మిక్కిలి క్షీణించినవారికిని అంగడి ప్రోబయోటిక్కులు అపాయము తేగలవు కాన, వైద్యుని అనుమతి లేనిదే ఈయరాదు.

మా అమ్మాయి అమెరికాలో కాపురము పెట్టిన క్రొత్తలో అచ్చటి డబ్బా పెరుగు నోటికి హితవుకాక, "నాన్నగారూ, బామ్మ మిరపకాయ తొడిమలు ఎన్ని వేసేదో మీకేమైనా గుర్తుందా?" అని టెలిఫోనులో అడిగినది. నాలుగైదని చెప్పితిని. మొదటినాటిది జిగురుసాగినదట, పారబోసినది. రెండవసారి వేసినది కొంత నయము. దాని తోడుతో వేసిన మూడవ కుండ గడ్డగా తోడుకొన్నది. గతవారము మాటల సందున పిలుపుగంట మ్రోగగా "ఉండండి నాన్నగారూ" అని లేచి పోయినది. పైవాటాలోని గుజరాతీ అమ్మాయి గిన్నెతో వచ్చినదట.