రేడియో వాగ్గేయకారుడు రజని

స్వర్ణముఖీతీరమున నున్న మా నాయుడుపేట మద్రాసునుండి విజయవాడకు పోవు రైలుమార్గము మీది ఊరు. ఆ రెండు పట్టణముల రేడియో కేంద్రములతోను జీవితము పెనవేసికొనిన ఒక గాయకకవిని నేడు స్మరింప దలచితిమి. ఆయన బాలాంత్రపు రజనీకాంతరావుగారు.

పాట వ్రాయువా రొకరు, వరుస కట్టువారు వేరొకరు, పాడువారు మరియొకరు అగుట నేటి వాడుక. ఈ మూడు విద్యలును ఒక్కరియందే కుదిరినచో అట్టివారిని మన పెద్దలు వాగ్గేయకారు లనిరి. మా ప్రాంతమున ఆ మాట చెవిని బడగానే తాళ్లపాక అన్నమాచార్యులవారు స్ఫురింతురు. వారి పదములు రాగిరేకుల కెక్కి తిరుమల కొండపై భద్రముగా నిలిచినవి. గాలిలో పుట్టి గాలిలో కలియు రేడియో పాటకు రాగిరేకు లెక్కడివి?

రజనిగారు 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించిరి. వేంకట పార్వతీశ్వర కవులలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారు వారి తండ్రి. 1941లో రజనిగారు మద్రాసు కేంద్రమున చేరిరి. 1947లో స్వాతంత్ర్యోదయ వేళ టంగుటూరి సూర్యకుమారిగారి కంఠమున ఆ కేంద్రమునుండి వినవచ్చిన ‘మాది స్వతంత్ర దేశం’ వీరి పాటయే. 1945 నాటి ‘స్వర్గసీమ’ చిత్రమున భానుమతిగారు పాడిన ‘ఓహో పావురమా’ పాటకు మాటలును వరుసయు వీరివే. 1946లో ‘గృహప్రవేశం’ చిత్రమునకు వీరు సంగీతము కూర్పగా, తెరపై సోదరుడు నళినీకాంతరావుగారి పేరు కనబడెను. పాట ఊరూర పాకినది. పాట కట్టినవారి పేరు మరుగున నుండెను.

తన పేరు ఇట్లు చాటున నిలిచినను, రజనిగారు ఇతరుల పేర్లు మరుగున పడనీయలేదు. వెనుకటి తెలుగు వాగ్గేయకారుల జీవితములను, రచనలను వెదకి కూర్చి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ను రచించిరి. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. విజయవాడ కేంద్రమున వీరు తీర్చిదిద్దిన ‘భక్తిరంజని’ ఎన్నో యిండ్లకు మేలుకొలుపయ్యెను. ఆ పాటలతో ప్రొద్దుపొడుపు నెరిగినవారిలో కూర్చినవారి పేరెరిగినవారు కొందరే.

2018 ఏప్రిల్ 22న, తొంబదియెనిమిదేండ్ల ప్రాయమున, రజనిగారు విజయవాడలో కన్నుమూసిరి. రాగిరేకులు పాటను కాపాడగలవు; పాటగాని పేరును కాపాడవలసినది వినువారే. ఇకమీదట మంచి పాట వినబడినపుడు, ఇది కట్టినవా రెవరని ఒక్కమాట అడుగుదము. పేరు పేరున వాగ్గేయకారులను తలచిన ఆయనకు మనము తీర్పగల ఋణ మదియే.