ఆల్కెమిస్ట్, అన్నమయ్య, రాగిరేకులు

మా టీములో పాలో కోయిలో 'ఆల్కెమిస్ట్' (1988) చదవనివాడు లేడు. కలను నమ్మి బయల్దేరితే లోకమే దారి ఇస్తుందంటుందా నవల. మాది రాజంపేట కాబట్టి నాకు మాత్రం పక్కనున్న తాళ్లపాక పిల్లాడు గుర్తొచ్చాడు.

అన్నమయ్య (1408-1503) కథని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. గడ్డి కోసుకురమ్మని పంపితే కొడవలికి వేలు తెగింది. పిల్లాడు అన్నీ వదిలేసి తిరుమల యాత్రికుల్లో కలిసిపోయాడు. (మనమూ అంతే, కాకపోతే రాత్రి బస్సులో బెంగళూరు.) అచ్చం నవలే కదా!

కానీ అసలు కథ ఆ తర్వాతే ఉంది. పాటలు 32 వేలంటారు. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. ఆ రేకులు తిరుమల గుడిలో ఓ రాతి అరలో ఏళ్ల తరబడి పడున్నాయి. 1922 ప్రాంతంలో వెలుగులోకొచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు కూర్చుని చదివి అచ్చుకెక్కించారు. అయినా సగం కూడా దొరకలేదు.

ఇందులో లోకం ఇచ్చిన దారి నాకేం కనబడదు. రాగి కొన్న కొడుకు, రేకుల ముందు కూర్చున్న పండితులు కనబడతారు. నవలలో ఇలాంటివాళ్లకి చోటు తక్కువ.

నేను బెంగళూరు బస్సెక్కినరోజు మా అమ్మ ఆ డబ్బులు ఎవరిదగ్గర చేబదులు తెచ్చిందో ఇప్పటిదాకా అడగలేదు.